చుక్క నెత్తురు, చిటికెడు ఇనుము

కోఠిలో బస్సు దిగి సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రి వైపు నడిచే గర్భిణులను దూరం నుంచే పోల్చుకోవచ్చు. ఒక చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు నలిగిన చీటీలు, స్కానింగ్ కాగితాలు, ఎర్రటి ఐరన్ గోలీల అట్ట. రెండో చెయ్యి నడుం మీద. వెంట తల్లో అత్తో ఉంటుంది. ఒక మధ్యాహ్నం నా ముందు నడుస్తున్న ఇద్దరి మాటలు చెవిన పడ్డాయి.

“ఏమన్నది బిడ్డా డాక్టరమ్మ?”

“రక్తం తక్కువున్నదంట అమ్మా. ఎనిమిదిన్నరే ఉన్నదంట. గోలీలు మింగుతలేవా అని కోపమైంది.”

“మింగుతున్నవు గదా?”

బిడ్డ మాట్లాడలేదు. తల్లి బండి దగ్గర ఆగి రెండు దానిమ్మకాయలు బేరం చేసింది.

ఈ అధ్యాయమంతా ఆ ఎనిమిదిన్నర చుట్టూ తిరుగుతుంది. దాన్ని ఎలా కొలుస్తారు, ఎందుకు తగ్గుతుంది, ఎలా పెంచాలి అన్న ప్రశ్నల వెంట వెళితే ఆసుపత్రి దాటి రైసు మిల్లుకు, ఉప్పు ఫ్యాక్టరీకి, రేషన్ దుకాణానికి, చివరికి వంటింటి చేట దాకా పోవాల్సి వస్తుంది. రక్తహీనత మీద ఇటీవలి పరిశోధన అంతా ఇలాగే నాలుగు దారుల్లో నడిచింది: వైద్యం, ఆహార విజ్ఞానం, ఇంజనీరింగు, సరుకును మనిషి దాకా చేర్చే నిర్వహణ. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మిగిలిన మూడూ వృథా అవుతాయని నా నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను.

ముందు దానిమ్మ సంగతి. గింజ నెత్తురు చుక్కలా ఉంటుంది కాబట్టి తింటే నెత్తురు పడుతుందన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది. బీట్‌రూట్‌ను కూడా అందుకే తినిపిస్తారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహార పదార్థాల పట్టికలను అచ్చు వేసింది. దేశం నలుమూలల నుంచి 528 రకాల తిండి వస్తువులు తెప్పించి, దేనిలో ఏముందో ప్రయోగశాలలో తేల్చిన పుస్తకమది. దాని ప్రకారం 100 గ్రాముల దానిమ్మలో ఇనుము అర మిల్లీగ్రాము కూడా లేదు. బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాముకు లోపే. రాగుల్లో 4.6, సజ్జల్లో 6.4. మనం పూటపూటా తినే తెల్ల బియ్యంలో 0.65. దానిమ్మ మంచి పండే. కానీ రంగు చూసి వైద్యం చేసుకుంటున్న ఆ తల్లికి ఈ అంకెలు ఎవరూ చెప్పలేదు. చెప్పడం మన పని.

ఆ పని మొదలుపెట్టడానికి ఈ సుల్తాన్ బజార్ పేటకు మించిన చోటు లేదు. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది ఇక్కడే. ఐదేళ్లకు, 1906లో, కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి చరిత్రతో పాటు ప్రకృతి శాస్త్రాలనూ తెలుగులో అచ్చు వేయడానికి పూనుకున్నారు. అప్పటికి ఇవి రెసిడెన్సీ బజార్లు, బ్రిటిష్ రెసిడెంటు ఏలుబడి. 1933లో నిజాం చేతికి తిరిగి వచ్చాకే సుల్తాన్ బజార్ అన్న పేరు వచ్చింది.

ఇంకా వెనక్కి వెళితే ఇదే రెసిడెన్సీలో సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ కనిపిస్తాడు. క్లోరోఫాం ఇచ్చినప్పుడు రోగి ఎందుకు చనిపోతున్నాడో తేల్చాలని 1888లో ఒకసారి, 1889లో మరోసారి హైదరాబాదులో పరిశోధక సంఘాలు నడిపించాడు. రెండోదానికి నిజాం ప్రభుత్వం డబ్బిచ్చి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుణ్ణి రప్పించింది. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది శ్వాస, గుండె కాదు, కాబట్టి శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలు అని తేల్చారు. అప్పటికి అది చాలా పెద్ద ప్రయోగం. అయినా ఆ నిర్ణయం తప్పింది. మత్తు పలచగా ఉన్నప్పుడే గుండె లయ చెదిరి ఆగిపోగలదని 1911లో లెవీ అనే పరిశోధకుడు చూపించాడు. శ్రద్ధగా కొలిచినా, కొలవాల్సిన చోట కొలవకపోతే ఏం జరుగుతుందో చెప్పడానికి ఈ పేట కథే చాలు. ఈ మాట మనకు మళ్లీ పనికొస్తుంది.

ఇక ఇనుము. మన ఒంట్లో ఉన్న ఇనుమంతా పోగు చేస్తే మూడు నాలుగు గ్రాములకు మించదు, ఒక చిన్న మేకు బరువు. అందులో ఎక్కువ భాగం ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌లో ఉంటుంది. ఒక్కో హిమోగ్లోబిన్ అణువులో నాలుగు ఇనుప పరమాణువులు ఆక్సిజన్‌ను పట్టుకుని మోస్తాయి. ఎర్ర కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అది చనిపోయినా శరీరం దానిలోని ఇనుమును పారేయదు. పాత ఇల్లు కూల్చి దూలాలు దాచుకునే మనిషిలా రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాములు తిరిగి వాడుకుంటుంది. తిండి నుంచి కొత్తగా తీసుకునేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. ఈ పొదుపు కాపురం మగవాడికి సరిపోతుంది. నెలనెలా రక్తం పోయే స్త్రీకి చాలీచాలకుండా ఉంటుంది. గర్భం మొదలైతే బిడ్డకు, మాయకు, పెరిగే నెత్తురుకు, కాన్పులో పోయేదానికి కలిపి దాదాపు 1000 మిల్లీగ్రాములు కావాలి. పాత నిల్వలే లేని అమ్మాయి దాన్ని ఎక్కడి నుంచి తేవాలి?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. దేశం మొత్తం మీద 57. అంతకు ముందు విడతలో దేశం అంకె 53.1. పదేళ్లకు పదేళ్లు గోలీలు పంచుతున్నా అంకె పెరిగింది! ఇది చదివినప్పుడు నాకు కలిగిన మొదటి భావం దిగులు. రెండోది అనుమానం.

ఆ అనుమానం శాస్త్రవేత్తలకూ వచ్చింది. కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలికొన సూదితో పొడిచి, వచ్చిన చుక్కను ఒక చిన్న ప్లాస్టిక్ పలకలోకి పీల్చి, అరచేతిలో పట్టే యంత్రంలో పెడతారు. అది పీల్చేది పది మైక్రోలీటర్లు, అంటే మిల్లీలీటరులో నూరో వంతు. ఊరి అరుగు మీద, అంగన్‌వాడీలో, కరెంటు లేని చోట చేయగలిగే పరీక్ష అది. అంతకు ముందు మన ఆరోగ్య కేంద్రాల్లో వాడిన సాహ్లీ పద్ధతిలో నెత్తురును ఆమ్లంతో గోధుమ రంగుకు మార్చి, చుక్కచుక్కగా నీళ్లు పోస్తూ పక్కనున్న గాజు రంగుతో కంటిచూపుతో సరిపోల్చేవారు. దానితో పోలిస్తే ఈ యంత్రం ఎంతో మెరుగు. కానీ వేలు చల్లగా ఉన్నా, సూది సరిగా దిగకపోయినా చుక్క రాదు. అప్పుడు వేలు పిండుతారు. పిండితే నెత్తురుతో పాటు కణజాలాల మధ్య ఉండే నీరు కూడా వస్తుంది, చుక్క పలచబడుతుంది. ఒంట్లో ఉన్న హిమోగ్లోబిన్ కంటే చుక్కలో తక్కువ కనిపిస్తుంది. ఒక్కో చుక్కకూ ఒక్కో అంకె వచ్చే ప్రమాదమూ ఉంది.

ఇదే కాలంలో మరో సర్వే జరిగింది. 2016 నుంచి 2018 దాకా పిల్లల మీద, కౌమారుల మీద నడిచిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే. అందులో మోచేతి దగ్గరి సిర నుంచి, మనం వాడుకలో నరం అంటాం, రక్తం తీశారు. చల్లగా కాపాడి ప్రయోగశాలకు పంపి పెద్ద యంత్రాల్లో చూశారు. అలా యాభై వేలు దాటిన నమూనాలు పోగయ్యాయి. ఆ రెండు సర్వేలను పక్కపక్కన పెట్టి చూడండి. 2015-16లో వేలి చుక్కతో చేసిన లెక్కలో ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత 58 శాతం దాటింది. సిర రక్తంతో చేసిన లెక్కలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 41 శాతం. వయసులు అచ్చంగా ఒకటి కావు, నిజమే. ఆ చిన్న తేడా ఇంత పెద్ద అంతరాన్ని మింగలేదు.

అక్కడితో ఆగలేదు. ఏ అంకె కింద ఉంటే రక్తహీనత అనాలి? డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ గర్భిణికి 11, గర్భం లేని స్త్రీకి 12, మగవాడికి 13 గ్రాములు అన్న గీతలు ప్రపంచ ఆరోగ్య సంస్థవి. ఇవి గీసినప్పుడు ఆధారమైన అధ్యయనాల్లో మన దేశపు ఆరోగ్యవంతుల వాటా చాలా తక్కువ. హెచ్.పి.ఎస్. సచ్‌దేవ్, బెంగళూరు సెయింట్ జాన్స్‌కు చెందిన అనూరా కుర్పడ్ తదితరులు ఆ పోషకాహార సర్వే నుంచి ఇనుము, ఫోలేట్, బి12 లోపాలు లేని పిల్లల్ని వేరు చేసి వారి హిమోగ్లోబిన్ ఎంత ఉందో చూశారు. 2021లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన ఆ లెక్క ప్రకారం గీతలు కిందికి జరపాలి. జరిపితే ఒకటి నుంచి పందొమ్మిదేళ్ల వారిలో రక్తహీనత 30 శాతం నుంచి 11 శాతం దగ్గరకు వస్తుంది. దీని మీద వాదం ఇంకా సాగుతోంది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన గీతల్ని సవరించింది. రెండేళ్ల లోపు పిల్లలకు, నాలుగు నుంచి ఆరు నెలల గర్భిణులకు 10.5కు దించింది. వీలైనంత వరకు సిర రక్తమే వాడమని చెప్పింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. జనాభా లెక్క వేరు, మంచం మీది మనిషి వేరు. సర్వే అంకె పెద్దదిగా వచ్చిందని తేలినంత మాత్రాన దానిమ్మలు కొన్న ఆ అమ్మాయికి రక్తం తక్కువ కాదని అర్థం కాదు. ఎనిమిదిన్నర ఏ గీత ప్రకారం చూసినా తక్కువే. కాన్పులో కాస్త ఎక్కువ రక్తం పోతే ఆమెకు చేతిలో మిగిలేది ఉండదు. ఆమెకు వైద్యం ఆలస్యం చేయడానికి ఈ చర్చను ఎవరూ సాకుగా వాడకూడదు. కానీ ప్రభుత్వం దేశమంతటికీ ఇనుము కలిపిన బియ్యం తినిపించాలనుకున్నప్పుడు 58 శాతమా 41 శాతమా అన్నది చిన్న సంగతి కాదు.

ఇనుమును తిండిలో కలపాలన్న ఆలోచన హైదరాబాదుకు కొత్త కాదు. జాతీయ పోషకాహార సంస్థ మూలాలు నీలగిరుల్లోని కూనూరులో ఉన్నాయి. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి మీద పరిశోధనకు అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదితో మొదలుపెట్టాడు. 1958లో సంస్థ హైదరాబాదు చేరింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఇక్కడి శాస్త్రవేత్తలు, వారిలో బి.ఎస్. నరసింగరావు ముఖ్యులు, ఇనుము మోయడానికి ఉప్పును ఎంచుకున్నారు. ఎందుకంటే ఉన్నవారూ లేనివారూ తినేది, రోజూ తినేది, ఒకరు మరొకరికన్నా పదింతలు తినలేనిది ఉప్పు ఒక్కటే. దాన్ని తయారు చేసే చోట్లు కూడా కొన్నే కాబట్టి కలపడం, అదుపు చేయడం తేలిక.

కాగితం మీద తేలిక. ఉప్పులో అప్పటికే అయోడిన్ ఉంది, గాయిటర్ రాకుండా పొటాషియం అయోడేట్ రూపంలో కలుపుతారు. అందులో చవకగా దొరికే ఫెర్రస్ సల్ఫేట్ చల్లి వానాకాలం తేమ తగిలేలా ఉంచితే ఆ రెండూ కొట్టుకుంటాయి. ఇనుము తుప్పు రంగుకు తిరుగుతుంది, అయోడేట్ విరిగి అయోడిన్ గాలిలో కలిసిపోతుంది. ఒక జబ్బుకు మందు కలపబోతే మరో జబ్బుకు మందు ఎగిరిపోతుంది. హైదరాబాదు శాస్త్రవేత్తలు కనుక్కున్న ఉపాయం సోడియం హెక్సామెటాఫాస్ఫేట్. అది ఇనుమును తన గుప్పిట్లో పట్టుకుని అయోడేట్ జోలికి పోనివ్వదు. టొరంటో విశ్వవిద్యాలయంలో లెవెంటే డియోసాడీ బృందం మరో దారి పట్టి, ఇనుము రేణువుకు పైన పొర తొడిగి ఉప్పురవ్వలా చేసింది. కిలో ఉప్పులో సుమారు ఒక గ్రాము ఇనుము. ఐదు గ్రాముల ఉప్పు తింటే ఐదు మిల్లీగ్రాములు చేరుతుంది. ఇదీ రెండు పోషకాల ఉప్పు.

ప్రయోగశాల గెలిచింది. ఇంట్లో ఏమైంది? ఈ ప్రశ్నకు మంచి జవాబు బిహారు నుంచి వచ్చింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, షారన్ బార్న్‌హార్ట్ 400 గ్రామాలను తీసుకుని, సగం గ్రామాల్లో దుకాణాలకు ఈ ఉప్పును సుమారు సగం ధరకు అందించారు. తర్వాత కొలిస్తే రక్తహీనతలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కొన్నవాళ్లే తక్కువ, క్రమం తప్పకుండా వాడినవాళ్లు ఇంకా తక్కువ. అదే రాష్ట్రంలో జహానాబాద్ జిల్లా బడుల్లో వేరే పరిశోధకులు అలాంటి ఉప్పునే మధ్యాహ్న భోజనంలో వాడించారు. పిల్లల్లో హిమోగ్లోబిన్ పెరిగింది, రక్తహీనత తగ్గింది. ఉప్పు మారలేదు, శరీరాలు మారలేదు. ఒక చోట ప్రతి ఇల్లాలూ ప్రతిసారీ దుకాణంలో నిర్ణయం తీసుకోవాలి. రెండో చోట ఒక వంటమనిషి తీసుకుంటే వంద మందికి అందుతుంది. ఈ రెండు ఫలితాలూ మెడికల్ కాలేజీలోనూ, మేనేజ్‌మెంట్ కాలేజీలోనూ ఒకే రోజు పాఠం చెప్పాలని నా కోరిక.

బియ్యం వైపు అడుగు పడింది అందుకే. కొనాలా వద్దా అన్న ప్రశ్న లేకుండా రేషన్ బియ్యంలో, మధ్యాహ్న భోజనంలో, అంగన్‌వాడీ వంటలో నేరుగా కలిపేయవచ్చు. 2021 ఆగస్టు 15 ప్రసంగంలో ప్రధాని ప్రకటించారు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం దశలవారీగా అమలుకు ఒప్పుకుంది. 2024 అక్టోబరులో 17,082 కోట్ల రూపాయల ఖర్చుతో 2028 డిసెంబరు దాకా పొడిగించింది.

ఇనుమున్న బియ్యపు గింజ ఎలా తయారవుతుందో చూడముచ్చటైన సంగతి. మిల్లులో విరిగిన నూకలను పిండి చేస్తారు. అందులో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన పొడి వేసి, నీళ్లు, ఆవిరి పెట్టి ముద్ద చేస్తారు. మనం జంతికల గొట్టంలో పిండి ఒత్తినట్టే ఆ ముద్దను మర ఒకటి సన్నటి రంధ్రాల గుండా నెడుతుంది. బయటికొచ్చే తీగను కత్తి బియ్యపు గింజ పొడవున తుంచుతుంది. ఎండబెడితే అచ్చు బియ్యమే. క్వింటాలు మామూలు బియ్యానికి ఇవి ఒక కిలో కలుపుతారు. అలా కలిపిన కిలో బియ్యంలో ఇనుము 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలన్నది ప్రమాణం. రోజుకు పావు కిలో బియ్యం తినే స్త్రీకి ఏడు నుంచి పదిన్నర మిల్లీగ్రాములు అదనంగా అందుతుంది. ఆమెకు సిఫారసు చేసిన మొత్తం 29.

కిలోను క్వింటాలులో కలపడం సుళువు అనుకుంటాం. మిక్చర్ డబ్బాను నాలుగుసార్లు ఊపి చూడండి, పల్లీలు పైకి, బూంది పొడి కిందికి చేరతాయి. బరువు, ఆకారం, నునుపు వేరైన గింజలు కుదుపులకు విడిపోతాయి. మిల్లులో సమంగా కలిసినా లారీలో, గోదాములో అలాగే ఉంటుందా అన్నది ఇంజనీర్ల బెంగ. అందుకే గింజ ఆకారం అసలు బియ్యానికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

ఇనుము రకం మరో చిక్కు. ఫెర్రస్ సల్ఫేట్ ఒంటికి బాగా పడుతుంది, కానీ అన్నాన్ని నల్లబరుస్తుంది. అందుకని తెల్లగా ఉండే ఫెర్రిక్ పైరోఫాస్ఫేట్ వాడతారు. అది నీటిలో కరగదు, పేగు దాన్ని సరిగా అందుకోదు. రంగు కోసం గుణం వదులుకోవాల్సి వచ్చింది. జ్యూరిక్ శాస్త్రవేత్తలు 2016లో గింజ తయారీలోనే సిట్రిక్ ఆమ్లం, సిట్రేట్ లవణం కలిపి చూశారు. వండేటప్పుడు గింజ లోపలే కరిగే రూపం ఏర్పడి, శరీరం గ్రహించే ఇనుము రెట్టింపైంది. నిమ్మకాయ పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము బాగా పడుతుందని మనకు తెలిసిన విషయానికి ఇది దగ్గరి చుట్టమే.

ఇన్ని గట్లు దాటి గింజ వంటింటికి వచ్చింది. అక్కడ చేట ఉంది. మన ఆడవాళ్లు బియ్యం చెరిగి, రాళ్లు, మెరిగలు, రంగు తేడా ఉన్న ప్రతి గింజా ఏరతారు. తరతరాలుగా వచ్చిన శ్రద్ధ అది. పోషకాల గింజ కాస్త పసుపుగా, కాస్త నునుపుగా ఉంటుంది, నానబోస్తే తేలుతుంది కూడా. “ప్లాస్టిక్ బియ్యం కలుపుతున్నరు” అన్న మాట ఊరూరా పాకింది. ఏరి పారేశారు, తేలినవి కడుగు నీళ్లతో ఒంపేశారు. వాళ్లను తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. సంచిలో కొత్త వస్తువు పెట్టి, అదేమిటో చెప్పవలసినవాళ్లు చెప్పకపోతే, బిడ్డకు తెలియని గింజ పెట్టని తల్లే మంచి తల్లి. రేషన్ దుకాణం ముందు ఒక పళ్లెంలో ఆ గింజలు పోసి, వాటిని వండి చూపించడానికి ఎంత ఖర్చవుతుంది?

ఆ గింజలోని ఫోలిక్ ఆమ్లానికి మన భాషతో చుట్టరికం ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు వచ్చే ఒక తీవ్రమైన రక్తహీనతను అధ్యయనం చేసింది. ఇనుముతో అది నయం కాలేదు. ఈస్టు సారంతో నయమైంది. ఆమె కూనూరులోనూ, అంటే నేటి మన పోషకాహార సంస్థకు పుట్టిల్లయిన చోటా, పనిచేసింది. ఈస్టులో ఉన్నదేమిటో తెలియడానికి పదిహేనేళ్లు పట్టింది. దాన్ని వేరుచేసి, ప్రయోగశాలలో తయారు చేసిన న్యూయార్క్ రాష్ట్రపు లెడర్లీ సంస్థ పరిశోధనకు నాయకుడు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులు ఇద్దరిని స్ప్రూ అనే పేగు జబ్బు పొట్టనబెట్టుకుంది. ఫోలిక్ ఆమ్లం పనిచేసే జబ్బుల్లో అదీ ఒకటి. 1948లో 53 ఏళ్లకే ఆయన పోయారు. ఇవాళ ఆ ఎర్ర గోలీలో ఇనుము పక్కన ఉన్నది ఆయన బృందం చేసిన పదార్థమే.

ఆ గోలీ దగ్గరికే వద్దాం, ఎందుకంటే బిడ్డ తల్లికి జవాబు చెప్పలేదు. ఇప్పటి పద్ధతిలో గర్భిణికి రోజుకు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం, కనీసం 180 రోజులు ఇస్తారు. మింగితే కొందరికి కడుపులో తిప్పుతుంది, మలబద్ధకం వస్తుంది, మలం నల్లగా అవుతుంది. నల్లగా అవుతుందని ముందే చెప్పకపోతే భయపడి మానేస్తారు. 2001 ప్రాంతాల్లో గుర్తించిన హెప్సిడిన్ అనే హార్మోను ఈ కథకు కొత్త వెలుగు ఇచ్చింది. ఇనుము చాలినంత వచ్చిందనిపిస్తే కాలేయం దాన్ని విడుదల చేసి పేగు తలుపు మూస్తుంది. ఒక పెద్ద మోతాదు మింగగానే ఆ తలుపు దాదాపు ఒక రోజు మూసుకుపోతుంది. మర్నాడు మింగిన గోలీ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. జ్యూరిక్‌లో 2017లో ఇనుము నిల్వలు తగ్గిన యువతులకు రోజూ, రోజు విడిచి రోజూ ఇచ్చి పోల్చారు. రోజూ మింగినవారిలో 16 శాతం ఇనుము ఒంటపడితే, రోజు విడిచి మింగినవారిలో 22 శాతం దాకా పడింది. ఆ యువతులు గర్భిణులు కారు, కాబట్టి ఎవరూ తమంతట తాము గోలీలు తగ్గించకూడదు. డాక్టరును అడగవలసిన ప్రశ్న మాత్రం ఇది.

బియ్యం మీద సందేహాలూ దాచకుండా చెప్పాలి. వివిధ దేశాల ప్రయోగాలను కలిపి చూసిన 2019 కాక్రేన్ సమీక్ష, ఇనుము కలిపిన బియ్యం రక్తహీనత ముప్పును పెద్దగా మార్చకపోవచ్చని తేల్చింది. తలసీమియా, సికిల్ సెల్ ఉన్నవారి ప్రశ్న ఇంకోటి. తలసీమియా పిల్లలకు తరచూ రక్తం ఎక్కించడం వల్ల ఒంట్లో ఇనుము మేట వేస్తుంది. మన ఆదిలాబాదు గోండు గూడేల్లో సికిల్ సెల్ ఉంది. హైదరాబాదులో ఈ రోగుల తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి 1998లోనే ఒక సొసైటీ పెట్టుకున్నారంటే ఆ భారం ఎంతటిదో తెలుస్తుంది. సంచుల మీద మొదట వీరికి హెచ్చరిక ఉండేది. బియ్యంలోని ఇనుముతో వీరికి హాని జరుగుతుందనడానికి ఆధారం లేదని నిపుణుల సంఘం చెప్పిందంటూ 2024లో కేంద్రం దాన్ని తీసేసింది. నా మట్టుకు నాకు ఆ వాక్యం సంచి మీద ఉండి ఉంటేనే బాగుండేది. చదివి నిర్ణయించుకునే హక్కు రోగికి ఉంది.

కలపడం ఒక్కటే దారి కూడా కాదు. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ జింకు ఎక్కువగా ఉండే డీఆర్ఆర్ ధాన్ 45ను 2016లో విడుదల చేసింది. పటాన్‌చెరు ఇక్రిశాట్ అండతో మహారాష్ట్రలో తయారైన ధనశక్తి సజ్జలో ఇనుము మొక్కే పోగు చేస్తుంది. గింజను మిల్లులో ఒత్తనక్కర లేదు, చేటలో దొరకదు. మన తాతలు తిన్న సజ్జ రొట్టె పక్కకు జరిగి తెల్లన్నం కంచం నిండా వచ్చిన యాభై ఏళ్ల కథ రక్తహీనత కథలో సగం అని నాకనిపిస్తుంది.

ఇక కొలత. కుటుంబ ఆరోగ్య సర్వే ఆరో విడతలో రక్తహీనత పరీక్ష తీసేశారు. ఆ బాధ్యత జాతీయ పోషకాహార సంస్థ నడిపే ఆహార, జీవసూచికల సర్వేకు వచ్చింది. ఇందులో వేలు పొడవరు, సిర రక్తం తీస్తారు. ఊరి నుంచి ప్రయోగశాల దాకా గొట్టాన్ని వేడి తగలకుండా, సమయం మించకుండా మోయాలి. రక్తంతో పాటు తిండీ కొలుస్తారు. దానికి ఈ సంస్థ దశాబ్దాలుగా వాడుతున్న పరికరం చాలా మామూలుది: చిన్నదాని నుంచి పెద్దదాని దాకా కొలతలు ఖాయం చేసిన గిన్నెల వరుస. ఇంటికి వెళ్లిన మనిషి ఆ గిన్నెలు నేల మీద పేర్చి, నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇంట్లో ఎవరెవరు ఏ గిన్నెడు అన్నం, ఏ గిన్నెడు పప్పు తిన్నారో అడుగుతాడు. ఇంటాయనది, పిల్లలది ఇల్లాలే చెబుతుంది. తనది చివర చెబుతుంది. అందరికీ వడ్డించాక తినే మనిషి ఆ వరుసలో ఏ గిన్నె మీద వేలు పెడుతుందో, అదే కాగితం మీదికి ఎక్కుతుంది.